మందు దిగకముందే బండి కదులుతుంది

“ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొన్న కారు.” హైదరాబాద్–విజయవాడ రోడ్డు పక్క ఊళ్లలో ఈ శీర్షికను ఎవరూ ఆగి చదవరు. పేపరు రాకముందే కబురు వచ్చేసి ఉంటుంది. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, మునగాల, కోదాడ, పాలేరు వాగు దాటితే జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల. లెక్కల్లో ఇది 65వ నంబరు జాతీయ రహదారి. మా పెద్దవాళ్ల నోట్లో మాత్రం ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే. రెండు వరుసల రోడ్డు నాలుగు వరుసలైంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లుల్లో టోల్‌గేట్లు లేచాయి. తెల్లవారుజామున మనుషులు పోవడం మాత్రం ఆగలేదు.

ప్రమాదం జరిగిన చోట గుమిగూడిన జనంలో ఎవరో ఒకరు లారీ క్యాబిన్‌లోకి తొంగిచూసి “తాగున్నాడ్రా” అంటారు. ఆ మాటతో అక్కడున్న అందరికీ జరిగిందంతా అర్థమైపోతుంది. డ్రైవరు నిజంగానే తాగి ఉండొచ్చు. తాగి బండి నడిపినవాణ్ని వెనకేసుకురావడానికి నేనిది రాయడం లేదు. ముప్ఫై టన్నుల సిమెంటు మోస్తున్న బండి ఊళ్ల మధ్య నుంచి పోతుంటే, దాని స్టీరింగ్ పట్టినవాడికి ఒక్క చుక్క కూడా తప్పే. అయితే వాడు ఎప్పుడు తాగాడు, తాగాక ఎన్ని గంటలకు బండి ఎక్కాడు, ఆ వేళకు ఎక్కమన్నది ఎవరు అనే ప్రశ్నలు అక్కడ గుమిగూడినవాళ్లు అడగరు, కేసు రాసేవాళ్లు అడగరు, కోర్టులోనూ చాలాసార్లు ఎవరూ అడగరు. ఈ రోడ్డు పక్కన పుట్టి పెరిగినవాడిగా నాకు ఆ ప్రశ్నలే ముఖ్యమనిపిస్తాయి. ఎందుకంటే చచ్చేది దారిన పోయేవాళ్లే కాదు. ఆ లారీలు నడిపేదీ ఈ చుట్టుపక్కల పల్లెల పిల్లలే.

ముందు మందు లెక్క చూద్దాం. రాత్రిపూట లారీ డ్రైవరు తాగేది ఎక్కువగా క్వార్టరు. సీసాలో 180 మిల్లీలీటర్లు ఉంటుంది, లేబుల్ మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. అంటే అందులో అసలు ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు, తూకంలో సుమారు 60 గ్రాములు. అరవై కిలోల మనిషి దాన్ని గబగబా తాగేస్తే అతని రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 150 మిల్లీగ్రాముల దాకా ఆల్కహాలు చేరుతుంది. చట్టం ఒప్పుకునేది 30 మిల్లీగ్రాముల వరకే. ఒంట్లో చేరిన ఆల్కహాలును కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది. మనిషిని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది గానీ ఎవరికైనా దాదాపు అంతే. ఆ లెక్కన క్వార్టరు తాగినవాడు 30కి దిగాలంటే ఎనిమిది గంటలు, పూర్తిగా దిగాలంటే పది గంటలు పడుతుంది.

మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా, బోరు కింద కూర్చుని తల మీద నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. టీ తాగితే కళ్లు తెరుచుకుంటాయి, రక్తంలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. యాలకులు, పాన్ మసాలా వాసనను కప్పుతాయి, అంతే. బీరే కదా అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఎనిమిది శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి తాగితే క్వార్టరులో మూడింట రెండు వంతులు తాగినట్టే. ఈ లెక్కలేవీ డ్రైవర్లకు ఎవరూ చెప్పరు. లైసెన్సు ఇచ్చేటప్పుడు చెప్పరు, జరిమానా కట్టించుకునేటప్పుడూ చెప్పరు. పడుకుని లేస్తే మందు దిగిపోతుందన్నది డ్రైవర్లలో అందరూ నమ్మే మాట. వాళ్లు బుకాయించడం లేదు, నిజంగానే అలా నమ్ముతారు.

కోదాడకు అవతల రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర దాబాల ముందు రాత్రి పదకొండు తర్వాత బండ్లు వరుసగా ఆగుతాయి. ఒక డ్రైవరు పక్కన నులక మంచం మీద కూర్చుని మాట్లాడాను. యాభై దాటిన మనిషి, మిర్యాలగూడ వైపు. పన్నెండు టైర్ల బండి. రొట్టెలు తింటూ, మధ్యమధ్యలో లేచి వెళ్లి పట్టా తాడు బిగిసి ఉందో లేదో చూసి వస్తున్నాడు.

“ఎప్పుడు లోడయింది అన్నా?”

“మొన్న పొద్దున సిమెంటు ఫ్యాక్టరీ కాడ సీరియల్‌లో పెట్టినా తమ్ముడూ. ఇవాళ రాత్రి తొమ్మిదింటికి లోపలికి పిలిచిండ్రు. లోడై, కాంటా అయి, పట్టా కట్టుకుని బయటపడేసరికి పదిన్నర.”

“మరి రెండు రోజులూ ఏం చేశారు?”

“ఏం చేస్తాం? ఎప్పుడు పిలుస్తరో తెలియదు. నిద్రపోతే నంబరు పోతది. క్యాబిన్‌లో ఎండ, బయట దోమలు.”

“ఇప్పుడు పడుకుంటారా?”

“రెండింటికి లేవాలె. పొద్దెక్కితే పట్నంలోకి బండి రానియ్యరు. సేటు ఇప్పటికే మూడుసార్లు ఫోన్ చేసిండు.”

మంచం కింద పేపరులో చుట్టిన క్వార్టరు సీసా ఉంది. దాన్ని నా నుంచి దాచాలని అతను ప్రయత్నించలేదు. అది లేకపోతే నిద్ర పట్టదన్నాడు. నడుము నొప్పి, భుజాల నొప్పి, చెవుల్లో ఇంజను మోత. మంచం మీద వాలినా ఒళ్లు రోడ్డు మీద ఊగుతున్నట్టే ఉంటుందట. పదకొండింటికి తాగి రెండున్నరకు బండి తీస్తే అతని రక్తంలో ఇంకా వంద మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. చట్టం ఒప్పుకున్నదానికి మూడు రెట్లు. పైగా మందు తెచ్చే నిద్ర సరైన నిద్ర కాదు. మొదట ఒక గంట రెండు గంటలు మొద్దులా పడుకోబెడుతుంది, ఆ తర్వాత ఊరికే మెలకువ తెస్తుంది. అంటే అతను లేచేసరికి మందూ దిగలేదు, నిద్రా తీరలేదు. సూర్యాపేట దాటేదాకా రోడ్డు మీద జనం ఉంటారు కాబట్టి కళ్లు తెరిచి ఉంటాయని, నకిరేకల్ తర్వాతే కష్టమని అతనే చెప్పాడు.

కోదాడ చుట్టూ ఇది రోజూ జరిగేదే. మేళ్లచెరువు, మట్టంపల్లి, హుజూర్‌నగర్, అవతల జగ్గయ్యపేట, ఇదంతా సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీల పట్టీ. ఫ్యాక్టరీ ముందు లారీ నిలబడిన గంటలకు ఎవరూ డబ్బు కట్టరు. డ్రైవరుకు జీతం కంటే ట్రిప్పు బత్తా ముఖ్యం, బండి కదిలితేనే బత్తా. హైదరాబాద్‌లో పగటిపూట భారీ వాహనాలకు ఆంక్షలుంటాయి. నగరవాసుల ట్రాఫిక్ కోసం పెట్టిన ఆ నిబంధన సరైనదే కావొచ్చు. కానీ దానివల్ల ఇక్కడి లోడు బండ్లన్నీ అర్ధరాత్రి తర్వాత, మనిషి ఒళ్లు నిద్రకు వాలే వేళలోనే రోడ్డెక్కాలి. ఒకవైపు పిలుపు కోసం నిద్ర మానుకుని కాపలా, మరోవైపు తెల్లారేలోపు చేరాలన్న తొందర. ఆ రెండింటి మధ్య దొరికిన మూడు గంటల్లో నిద్రను బలవంతంగా రప్పించుకోవడానికే క్వార్టరు. సరదాకి తాగేవాళ్లు లేరని నేననను. ఉన్నారు. చాలామందికి మాత్రం అది నిద్ర మాత్ర.

నిద్రలేమి కూడా మందులాగే పనిచేస్తుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో చూపించారు. పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతికీ కంటికీ మధ్య పొందిక, రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడితో సమానంగా పడిపోయింది. ఒక పగలూ ఒక రాత్రీ మొత్తం మేలుకుంటే 100 మిల్లీగ్రాములతో సమానం. సీరియల్‌లో రెండు రోజులు కూర్చున్న డ్రైవరు చుక్క ముట్టకపోయినా, తాగినవాడంత ప్రమాదకరంగానే రోడ్డెక్కుతున్నాడు. వాడు ఊదితే మిషన్ సున్నా చూపిస్తుంది, బండి వదిలేస్తారు.

చట్టం ఏం చెబుతోంది? 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్ల దాకా జైలు, లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. 2019 సెప్టెంబరు 1కి ముందు మొదటి తప్పుకు జరిమానా రెండు వేలే. ఈ 30 మిల్లీగ్రాముల గీత స్కూటీ మీద కూరగాయలకు వెళ్లేవాడికీ, పద్నాలుగు టైర్ల బండి నడిపేవాడికీ ఒక్కటే. అమెరికాలో అలా కాదు. అక్కడ మామూలు డ్రైవరుకు ఎక్కువ రాష్ట్రాల్లో 80 అయితే భారీ వాహనం నడిపేవాడికి 40. బండి ఎక్కడానికి ముందు నాలుగు గంటలు మందు ముట్టకూడదని విడిగా నిబంధన ఉంది. డ్రైవర్లకు పరీక్షలు చేయించే బాధ్యత కంపెనీ మీద పెట్టారు. అంకెల్లో చూస్తే మన గీతే గట్టిది. గీత దగ్గర నిలబడాల్సిన వాళ్ల జాబితాలో మన దగ్గర డ్రైవరు ఒక్కడే ఉన్నాడు, అదే తేడా.

పట్టుబడితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. డ్రైవరును వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. అయితే అరెస్టు చేసిన రెండు గంటల్లోపు డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేకపోతే విడిచిపెట్టాలి. ఇది 202వ సెక్షన్‌లో ఉన్న రక్షణ. చాలామంది డ్రైవర్లకు అలాంటిదొకటి ఉందనే తెలియదు. బండి ఠాణా ముందు ఆగుతుంది. తాగని డ్రైవరు ఒకడు వచ్చి తీసుకెళ్లేదాకా సరుకు దాని మీదే. ఓనరు ఇంకో డ్రైవరును పంపి బండి విడిపించుకుంటాడు, దొరికినవాడు కోర్టు మెట్లెక్కుతాడు. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లో ఇచ్చిన ఆదేశం ప్రకారం లైసెన్సు కనీసం మూడు నెలలు సస్పెండ్ కావాలి. చేతిలో వేరే పని లేనివాడికి మూడు నెలలంటే అప్పు. జరిమానా జీతంలోంచి కోసుకుంటారు. ఆ తర్వాత అదే సీరియల్, అదే దాబా, అదే వేళ. బండి ఎక్కించిన మనిషి పేరు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

ఉండడానికి చట్టంలో చోటు ఉంది. 188వ సెక్షన్ చదవండి. తాగి నడపడానికి గానీ, జబ్బుతోనో అశక్తతతోనో ప్రమాదకరంగా నడపడానికి గానీ ఇంకొకరు పురికొల్పితే, వారికీ అదే శిక్ష. డ్రైవరు తాగి ఉన్నాడని తెలిసీ “ఏం కాదు, మెల్లగా పో” అని ఫోన్‌లో తరిమిన ఓనరుకు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమస్తాకు ఈ సెక్షన్ వర్తించాలి. ఈ రోడ్డు మీద నేను విన్న ఇన్ని కేసుల్లో ఓనరు మీద 188 పెట్టారన్న మాట ఒక్కసారి కూడా వినలేదు.

ఆర్టీసీని చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. డిపోలో డ్యూటీ ఎక్కే ముందు డ్రైవరు చేత ఊదిస్తారు. మిషన్ తప్పు చూపిందని గొడవలు జరుగుతుంటాయి. అవి పట్టించుకోవాల్సిన గొడవలే. 2025లో కేరళలో పందళం డిపో డ్రైవర్లు బాగా పండిన పనసతొనలు తిని ఊదితే మిషన్ ఆల్కహాలు చూపించింది. నోట్లో మిగిలినది పోవడానికి పావుగంట ఆగి, నోరు కడిగి మళ్లీ ఊదిస్తే అసలు సంగతి తేలిపోతుంది. ఈ ఇబ్బందులన్నీ ఉన్నా డిపో పద్ధతిలో గొప్ప మేలు ఒకటుంది. పరీక్ష బండి కదలకముందు జరుగుతుంది. మిషన్ కూత పెడితే డ్రైవరు ఆగుతాడు, బస్సు ఇంకొకడి చేతికి పోతుంది, ఎవరి ప్రాణమూ పోదు. లారీకి పరీక్ష రోడ్డు మీద, కదిలాక, చాలాసార్లు గుద్దాక. కొన్ని ఫ్యాక్టరీల గేట్ల దగ్గర లోపలికి పోయేటప్పుడు ఊదిస్తున్నారు. అది వాళ్ల ఆవరణ భద్రత కోసం. లోడుతో బయటికి పోయే బండి డ్రైవరు నిద్రపోయాడా, తాగాడా అన్నది గేటు దాటాక ఎవరికీ పట్టదు.

ఇక షాపుల సంగతి. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని తీర్పిచ్చింది. 2017 మార్చి 31న, ఇరవై వేల లోపు జనాభా ఉన్న చోట్ల ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. అదే ఏడాది జులైలో పట్టణాల హద్దుల్లో ఉన్న షాపులకు ఇది వర్తించదని తేల్చింది. 2017 ఎండాకాలంలో రోడ్డు పక్క బోర్డులు మాయమయ్యాయి. అవి పోయి ఊళ్లోపల, బడికీ గుడికీ ఇళ్లకూ దగ్గర తేలాయి. ఆ ఏడాది ఆంధ్రలో ఊరూరా ఆడవాళ్లు రోడ్డెక్కింది ఇందుకే. హైవే మీద డ్రైవరును కాపాడబోయి, ఊళ్లో కూలి మనిషి ఇంటి పక్కకు షాపు తెచ్చిపెట్టారు. డ్రైవరుకు మాత్రం ఏ లోటూ రాలేదు. బెల్టు షాపు ఉంది, దాబా ఉంది, అర్ధరాత్రి అడిగినా రెండువందల గజాల్లో దొరుకుతుంది. దాబాలో క్వార్టరుకు ఎమ్మార్పీ మీద ఇంకొంత ఎక్కువ తీసుకుంటారు, అంతే.

తెలంగాణ–ఆంధ్ర సరిహద్దు కావడం వల్ల మా వైపు ఇంకో చిక్కు. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రలో ప్రభుత్వమే షాపులు నడిపింది. ధరలు పెరిగాయి, అలవాటైన బ్రాండ్లు దొరకలేదు. జగ్గయ్యపేట వైపు మందుబాబులకు రామాపురం క్రాస్‌రోడ్డు దిక్కయింది. గరికపాడు చెక్‌పోస్టులో లారీ సీట్ల కింద, సరుకు మధ్యలో సీసాలు పట్టుకోవడం రోజువారీ వార్త అయింది. 2024 అక్టోబరులో ఆంధ్రలో మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాయి, 99 రూపాయల క్వార్టరు వచ్చింది. ఏ ప్రభుత్వం ఏ పద్ధతి పెట్టినా, పాలేరుకు రెండు వైపులా మందు ఖజానాకు డబ్బు తెచ్చే దారిగానే ఉంది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా నడిచింది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ ఉద్యమం గురించి మా ఊరి ఆడవాళ్లతో మాట్లాడితే డ్రైవర్ల భార్యలు ఒక మాట చెబుతారు. ఊళ్లో తాగి ఇంటికొచ్చే మగాడి మీద అరవొచ్చు, దుకాణం ముందు కూర్చోవచ్చు, సారా కుండలు పగలగొట్టొచ్చు. రెండువందల కిలోమీటర్ల అవతల ఏదో దాబాలో తాగేవాడి దగ్గరికి ఎలా పోతారు? వాళ్ల చేతిలో ఉన్నది ఫోన్ ఒక్కటే. రాత్రి పదింటికి ఫోన్ చేసి గొంతు విని పోల్చుకుంటారు. మాట సాగదీస్తే తాగినట్టు. చిరాకుపడితే నిద్ర లేనట్టు. ఫోన్ ఎత్తకపోతే తెల్లారేదాకా వీళ్లకూ నిద్ర ఉండదు.

ఒకప్పుడు బండిలో క్లీనరు ఉండేవాడు. డ్రైవరు కునికితే భుజం తట్టేవాడు, మందు ఎక్కువైతే “అన్నా, ఒక గంట పడుకో” అనేవాడు, రివర్సు తీసేటప్పుడు దిగి చూసేవాడు, రాత్రి బండి ఆగితే వెనక కొమ్మో రాయో పెట్టి వచ్చేవాడు. పదేళ్లు డ్రైవరు పక్కన కూర్చుని ఆ కుర్రాడే డ్రైవరయ్యేవాడు. ఖర్చు తగ్గించుకునే క్రమంలో క్లీనరు పోయాడు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన పుస్తకంలో అయినా ఉండేది, 2018లో కేంద్రం దాన్నీ తీసేసింది. ఇప్పుడు చాలా బండ్లలో రాత్రంతా ఒక్కడే. ఆగి ఉన్న లారీని ఢీకొన్న ప్రమాదాల వెనక ఇది కూడా ఉంది. వెనక లైటు వెలగని బండిని రోడ్డు అంచున ఆపి ఒక్కడే దాబాకు పోతే, వెనక వచ్చేవాణ్ని హెచ్చరించడానికి మనిషి లేడు.

పనిగంటల చట్టం లేదా అంటే ఉంది. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు మించకూడదంది. దూర ప్రయాణాలకు అనుమతితో పది గంటల దాకా. అరవై ఏళ్లకు పైగా ఆ మాట కాగితం మీద ఉంది. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలకే అది వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ చట్టం కలిసిపోయింది. కోడ్‌లోనూ రోజుకు ఎనిమిది గంటలే, వర్తించేది మాత్రం పదిమంది ఉన్న చోట. మా వైపు లారీ ఓనర్లలో ఎక్కువమందికి ఉన్నది ఒకటి, రెండు, మహా అయితే నాలుగు బండ్లు. వాళ్లలో చాలామంది నిన్నటి డ్రైవర్లే, ఫైనాన్సులో బండి తీసుకుని నెలనెలా కిస్తీలు కడుతున్నవాళ్లు. ఇలాంటి ఓనరు దగ్గర పనిచేసే డ్రైవరు పాత చట్టం కిందికీ రాలేదు, కొత్త కోడ్ కిందికీ రాడు. తాగితే శిక్షించే చట్టానికి మాత్రం అలాంటి మినహాయింపు లేదు. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కోపం వస్తుంది.

యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావుగంట ఆగి తీరాలి, రోజుకు తొమ్మిది గంటలు మామూలు హద్దు. డ్రైవరు ఎంతసేపు నడిపాడో బండిలోనే రికార్డవుతుంది. మన దగ్గర 2025 అక్టోబరు నుంచి కొత్త లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పని. ఎండాకాలం మేళ్లచెరువు రోడ్డు మీద క్యాబిన్‌లో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది అది ఎంత మేలో. పాత బండ్లు నడిపేవాళ్లకు మాత్రం అదింకా దూరమే.

మనిషి పోయిన ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ జరిగే అన్యాయం తెలియకపోవడం వల్ల జరుగుతుంది. డ్రైవరు ప్రమాదంలో చనిపోతే, పోస్టుమార్టంలో మందు తేలితే, ఓనరు తరఫున పెద్దమనుషులు వస్తారు. “మీవాడు తాగి నడిపాడమ్మా, బీమా పైసా రాదు. మా బండి కూడా పోయింది. ఇదిగో దినాల ఖర్చుకు” అని కొంత చేతిలో పెడతారు, తెల్లకాగితం మీద వేలిముద్రో సంతకమో తీసుకుంటారు. బండి విషయంలో వాళ్లు చెప్పేది నిజమే. డ్రైవరు తాగి ఉంటే బండికి జరిగిన నష్టం బీమా సంస్థ ఇవ్వక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి విషయంలో చెప్పేది మాత్రం తప్పు. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం, ఇప్పటి సామాజిక భద్రతా కోడ్ ప్రకారం కూడా, పనివాడు తాగి ఉన్నాడన్న కారణంతో యజమాని పరిహారం ఎగ్గొట్టగలిగేది గాయాల విషయంలోనే. ప్రమాదంలో మనిషి చనిపోయినా, ఇక ఏ పనీ చేయలేనంతగా శాశ్వతంగా అవిటివాడైనా, ఆ సాకు చెల్లదు. లారీ బీమాలో జీతపు డ్రైవరుకు సంబంధించిన ఈ బాధ్యత కూడా కలిసే ఉంటుంది. కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి. కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో. పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉపాధి హామీ రేట్లు రాసినట్టే దీన్నీ రాయించాలని సర్పంచులను అడుగుతున్నాను.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అందులో డెబ్బై శాతానికి పైగా అతివేగం ఖాతాలో వేశారు. మద్యం, మత్తుమందుల ఖాతాలో పడినవి మూడు శాతం లోపే. ఈ రోడ్డు పక్కన బతికేవాళ్లెవరూ ఆ అంకెను నమ్మరు. గుద్దినవాడు పారిపోతే ఊదించేది ఎవరిని? పోయినవాడి రక్తం సకాలంలో ల్యాబుకు వెళ్లకపోతే తేలేది ఏమిటి? ఇక నిద్రలేమికైతే ఏ మిషనూ లేదు. కళ్లు మూతపడి డివైడరు ఎక్కిన బండి కూడా “అతివేగం, అజాగ్రత్త” అన్న మాటల కిందే ముగిసిపోతుంది.

నిద్రలేమికి మిషన్ లేకపోయినా సాక్ష్యం ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. ప్రతి బండీ చిల్లకల్లు ఎప్పుడు దాటిందో, కొర్లపహాడ్ ఎప్పుడు దాటిందో, పంతంగి ఎప్పుడు దాటిందో నిమిషాలతో సహా రాసి ఉంటుంది. ఫ్యాక్టరీ కాంటా చీటీ మీద లోడైన వేళ ఉంటుంది. గేటు పుస్తకంలో బండి ఎప్పుడొచ్చి నిలబడిందో ఉంటుంది. సరుకు వెంట వచ్చే ఈ–వే బిల్లుకు రెండువందల కిలోమీటర్లకు ఒక రోజు గడువిచ్చింది ప్రభుత్వమే. అంటే ఈ దూరానికి ఒక రోజు పట్టొచ్చని పన్నుల శాఖ ఒప్పుకుంది, సేటు ఒప్పుకోలేదు. సేటు ఎన్నిసార్లు ఫోన్ చేశాడో కాల్ రికార్డులో ఉంటుంది. ప్రమాదం జరిగిన ప్రతి లారీ కేసులో పోలీసులు డ్రైవరు రక్తంతో పాటు ఈ ఐదూ తెప్పించుకోవాలి. డ్రైవరు గడిచిన నలభై ఎనిమిది గంటల్లో ఎన్ని గంటలు పడుకోగలిగాడో చార్జిషీటులో రాయాలి. పడుకునే వీలే లేని వేళలు పెట్టి తరిమినట్టు తేలితే 188 కింద రెండో పేరు, మూడో పేరు చేర్చాలి. ఫ్యాక్టరీలు సీరియల్ పిలుపును ఫోన్‌లో ముందే చెప్పాలి, గేటు బయట నీడా, నీళ్లూ, మంచాలూ ఉన్న చోటు కట్టాలి, లోడయ్యాక బండి కదిలేముందు ఊదించాలి. మిషన్ కూత పెడితే ఆ రాత్రికి డ్రైవరు అక్కడే పడుకోవాలి, ఆగినందుకు అతని బత్తాలో రూపాయి కూడా తగ్గకూడదు. కొత్త చట్టం కోసం ఆగాల్సిన పని వీటిలో చాలావాటికి లేదు. కోదాడ, హుజూర్‌నగర్, జగ్గయ్యపేట ఠాణాలు రేపు పొద్దున్నే టోల్‌గేటుకు ఒక ఉత్తరం రాసి మొదలుపెట్టొచ్చు.